వడ్రంగి పిట్టకీ ఈ బుల్లి ఫంగస్‌కీ లింకేంటి?

నమస్తే అండి, ఒక డౌట్. మొన్న నల్లమలలో మన్ననూర్ దగ్గర ఎండిపోయిన మద్ది మానుని బంగారు వీపు వడ్రంగి పిట్ట టకటకా పొడుస్తుంటే చూశా, ఆ తొర్ర కిందే గోరంత తెల్లటి పుట్టగొడుగులు, పైన నూగుతో విసనకర్రల్లా ఉన్నాయి, తిప్పి చూస్తే అడుగున మడతలు నిలువునా చీలి ఉన్నాయి కాబట్టి స్ప్లిట్ గిల్ అనే ఫంగస్ అనుకుంటున్నా (ఎండకి ముడుచుకుని తడి తగిలితే మళ్ళీ విచ్చుకుంటుంది, భలే కదా). మా పాప సైన్స్ ప్రాజెక్టుకి ఈ రెండిట్నీ పోల్చాలంటోంది. ఒకటి ముక్కుతో చెక్కుతుంది, ఇంకోటి లోపల్నుంచి కుళ్ళబెడుతుంది, ఇంతవరకు ఓకే. ఫంగస్ పట్టి మెత్తబడ్డ చెక్కలో పిట్టకి గూడు తొలచడం ఈజీ అని కూడా తెలుసు, కానీ ముక్కుకి అంటుకుని ఫంగస్ వేరే చెట్లకి పోతుందా? మన అడవుల్లో గమనించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్. ఫోటో షేక్ అయింది, తిట్టుకోకండి.