ఆరో నెల బాబుకి వెండి ఉగ్గుగిన్నె వాడొచ్చా, సిలికాన్ సెట్ కొనాలా?

ప్రశ్న (గాజువాక నుంచి):
బాబుకి వచ్చే నెల ఆరు నెలలు నిండుతాయి. సింహాచలంలో అన్నప్రాశన అనుకున్నాం. అత్తయ్యగారు బీరువాలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసి తోమించి పెట్టారు, మా ఆయన చిన్నప్పుడు దాంతోనే తాగారట. నేనేమో ఫోన్‌లో సిలికాన్ సెట్ చూసి ఉంచాను. గిన్నె, చెంచాలు, సిప్పర్, బిబ్ కలిపి 1,300. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏది కొనాలి, ఏది అక్కర్లేదు?

జవాబు (ఎంవీపీ కాలనీ నుంచి):
సెట్ కొనకండి. మా పెద్దదానికి కొన్న సెట్లో చివరికి వాడింది ఒక్క చెంచా. మొదట్లో వాళ్లు తినేదే పూటకి రెండు మూడు చెంచాలు, దానికి అంత సెట్ ఎందుకు చెప్పండి?

చెంచా మాత్రం చూసి తీసుకోండి. మన టీస్పూను ఆ నోటికి వెడల్పూ ఎక్కువే, లోతూ ఎక్కువే. లోతుగా ఉంటే పై పెదవి అడుగుదాకా అందదు, సగం ఉగ్గు అందులోనే ఉండిపోతుంది. అప్పుడు మనం చెంచా పైకెత్తి చిగురుకి గీకి పెడతాం. వాడు మొహం తిప్పేస్తాడు. "వీడు తినట్లేదు" అని మనకి టెన్షన్. చిన్నగా, దాదాపు చదునుగా, అంచు మెత్తగా ఉన్నది చాలు. కింది పెదవి మీద ఆనించి ఆగండి, వాడే నోరు మూసి లాక్కుంటాడు. సిలికాన్‌దైతే రోజూ అంచు చూసుకోండి. మా చిన్నోడు పళ్లొచ్చే టైములో ఓ మూల కొరికేశాడు.

గిన్నె స్టీలుదే తీసుకోండి. సిలికాన్ గిన్నెకి నెయ్యి జిడ్డు, సబ్బు వాసన పట్టాయంటే ఓ పట్టాన వదలవు. మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్ గిన్నెలో పొగలు కక్కే అన్నం వేయొద్దు, మైక్రోవేవ్‌లో అసలే పెట్టొద్దు.

ఇక ఉగ్గుగిన్నె. వెండితో ఇబ్బంది లేదు, ఇబ్బందంతా ఆ గిన్నెకుండే సన్నటి ముక్కుతోనే. అది ఒళ్లో పడుకోబెట్టి పోయడానికి చేసింది. ఇప్పుడు వాడు కూర్చుని, నాలుకతో వెనక్కి తోసుకుని మింగడం నేర్చుకోవాలి. పైగా ఉగ్గు చెంచాలోంచి జారిపోనంత చిక్కగా ఉండాలి. అంత చిక్కటిది ముక్కులోంచి దిగదు. దిగాలని పలచన చేశామా, వాడి బుల్లి పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది. ఉగ్గుని పాలసీసాలో పోసి నిపుల్ కన్నం పెద్దది చేసేవాళ్లున్నారు, అది ఇంకా తప్పు.

జవాబు (వన్‌టౌన్ నుంచి):
మనవల్ని పెంచినదాన్ని, ఒక మాట చెబుతానమ్మా. తోమించిన గిన్నె ముక్కు లోపల పాలిష్ పొడి ఉండిపోతుంది. సన్న బ్రష్ పెట్టి వేడినీళ్లతో రెండుసార్లు కడుగు. వెండి అని చెప్పి కొందరు జర్మన్ సిల్వర్ అంటగడతారు. అందులో వెండే ఉండదు, రాగి, నికెల్, జింకు. ఇక ఇత్తడి గిన్నెకి లోపల కళాయి (తగరం పూత) లేకపోతే పెరుగన్నం, పులుపు తగలనీయకు. మా గుంటడికి ముద్ద చేత్తోనే పెట్టేదాన్ని. చెయ్యి శుభ్రంగా కడుక్కుంటే దాన్ని మించిన చెంచా ఏముంది!

జవాబు (మధురవాడ నుంచి, ఒక నాన్న):
అడుగున నేలకి అంటుకునే పట్టు ఉండే గిన్నె కొనేముందు మీరు ఎక్కడ కూర్చోబెడతారో చూసుకోండి. నున్నటి గ్రానైట్ మీద, అడుగు కాస్త తడిపితే అంటుకుంది. చాప మీద మాత్రం పది సెకన్లు కూడా లేదు. పప్పన్నం అంతా మా నాన్నగారి పంచె మీదే.

సిప్పర్ బదులు చిన్న స్టీలు గ్లాసు అలవాటు చేయండి. మాకు సిప్పర్ మూత లోపలి రబ్బరు కింద నల్లటి బూజు కనపడింది, అదీ నెల తర్వాత.

అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. పూర్ణా మార్కెట్‌లో చిన్న స్టీలు గిన్నె, గ్లాసు తీసుకున్నాను. చెంచా ఇంకా వెతకాలి. ఉగ్గుగిన్నె సింహాచలం వస్తోంది. పాయసం అందులోనే పోసి, అత్తయ్యగారే వేలితో బాబు నాలుకకి రాస్తారట.