ట్రాన్స్‌ఫార్మర్ కాగితంలో నానో పోగులు కలిపితే ఒరిగేదేంటి?

నానోపోగు: ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్‌లో రాగి పట్టీకి కరెంటు అడ్డుగా చుట్టే మామూలు క్రాఫ్ట్ కాగితం (చెక్క గుజ్జుతో చేసేది) బదులు అరామిడ్ (కెవ్లార్ లాంటి గట్టి కృత్రిమ పోగు) నానో పోగులు, అంటే కంటికి కనపడనంత సన్నటి పోగులు, మైకా (అభ్రకం) పలకలు కలిపిన కాగితం వాడాలని నా వాదన. 2011లో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు కెవ్లార్‌ను డైమిథైల్ సల్ఫాక్సైడ్, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే రసాయనాలతో నానో పోగులుగా విడదీసి చూపించారు. పోగు సన్నబడేకొద్దీ పక్క పోగులతో ఎక్కువ చోట్ల అతుక్కుంటుంది, లాగితే అంత సులువుగా తెగదు. ఇంకా అడ్డేముంది?

కాయిల్‌మేస్త్రి: లాగితే తెగదు, సరే. మడిస్తే? ఇరవై ఏళ్లుగా వైండింగ్ (కాయిల్ చుట్టే పని) చేస్తున్నాను. రాగి పట్టీ అంచు మీద చుట్టేటప్పుడే కాగితం బండారం బయటపడుతుంది. ఒక సప్లయర్ ఇచ్చిన నానో షీట్‌తో కాయిల్ మొత్తం చుట్టాక చూస్తే మూలల్లో సన్నటి తెల్ల గీతలు. గోరుతో గీకితే పొర లేచి వచ్చింది. అంతా విప్పి మళ్లీ చుట్టాం. రెండు రోజుల కూలి నా నెత్తిన పడింది.

నానోపోగు: ఆ షీట్‌లో మైకా ఎంతుందో అడిగారా? మైకా ఎక్కువైతే ఏ కాగితమైనా పెళుసవుతుంది.

కాయిల్‌మేస్త్రి: పగిలింది. నాకు అది చాలు.

తడిలెక్క: తడి సంగతి ఎవరూ ఎత్తరేం? సెల్యులోజ్ (చెక్క, పత్తిలో ఉండే పదార్థం) నానో పోగులను కలిపి ఉంచే హైడ్రాక్సిల్ సమూహాలే (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు) నీటినీ లాక్కుంటాయి.

నానోపోగు: నేను చెప్పింది అరామిడ్ గురించండీ.

తడిలెక్క: అరామిడ్ కూడా గాలిలో తడి పీలుస్తుంది. తక్కువే, కానీ పీలుస్తుంది.

కాయిల్‌మేస్త్రి: మళ్లీ మడత దగ్గరికి రండి. ఏసీ గదిలో పట్టీ ముక్కను లాగి గ్రాఫ్ గీస్తే మా పని తెలిసిపోతుందా బాబూ?

నానోపోగు: అన్నా, ఆ మాట మాత్రం అనకండి. సెల్యులోజ్ నానో పోగుల షీట్ కోసం నెలల తరబడి ఫిల్టర్ ముందు కూర్చున్నాను. నీళ్లు ఓడవు, పైన జిగురులా నిలబడిపోతుంది. తొందరపడి ఎండబెడితే అంచులు ముడుచుకుని షీట్ గిన్నెలా వంగుతుంది. ఒక్క మంచి షీట్ కోసం ఎన్ని పారేశానో! కష్టమంతా మీదేననుకుంటే ఎలా?

పాతకాగితం: ఇద్దరూ కాస్త ఆగండి. కొత్త షీట్ బలం గురించే కొట్టుకుంటున్నారు. కొత్త క్రాఫ్ట్ కాగితంలో సెల్యులోజ్ అణువు గొలుసు పొడవు సుమారు 1000 గ్లూకోజ్ యూనిట్లు. వేడి, తడి తగిలి అది 200కు పడితే కాగితం బతుకు అయిపోయినట్టే. చిత్రమేమిటంటే అప్పటికీ అది వోల్టేజీని చాలావరకు ఆపగలదు. కానీ షార్ట్ సర్క్యూట్ వచ్చి కాయిల్ ఒక్కసారి అదిరిందంటే పొడిపొడిగా రాలిపోతుంది. మడత, లాగుడు రెండూ ముఖ్యమే. అయితే ముప్పై ఏళ్లు కాగాక మిగిలేదెంత?

కాయిల్‌మేస్త్రి: నా భయం అదే, ఇందాకటి నుంచి నోట రాలేదు. ఇంకోటి, నానో షీట్ మరీ దట్టం. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకులో నింపే నూనె కాగితం లోపలికి దిగకపోతే గాలి బుడగ మిగులుతుంది. విద్యుత్ ఒత్తిడి నూనెలో కన్నా ఆ బుడగలోనే ఎక్కువ, గాలి ఓర్చుకునేది తక్కువ. అక్కడే చిన్న చిన్న డిశ్చార్జీలు (కరెంటు రవ్వలు) మొదలై కాగితాన్ని తినేస్తాయి. రేపు ట్యాంకు తెరిస్తే అందరూ చుట్టినవాణ్నే అడుగుతారు, కాగితం చేసినవాణ్ని కాదు.

నానోపోగు: ఈ ముక్క ముందే అనుంటే ఇంత గొడవ ఉండేది కాదు. నూనె దిగడం గురించి నా దగ్గర గట్టి జవాబు లేదు. కానీ ఎవరూ వాడకపోతే ముప్పై ఏళ్ల లెక్క ఎప్పటికి వస్తుంది? కాయిల్ అంతా వద్దు, బాగా కాగే చోట మాత్రమే వేద్దాం.

కాయిల్‌మేస్త్రి: నడిచే ట్రాన్స్‌ఫార్మర్‌లో వేయను. మైకా తగ్గించి ముక్కలు పంపు. అంచు మీద మడిచి, వాక్యూమ్‌లో నూనె పట్టించి, కోసి చూస్తాను. లోపల పొడిగా ఉంటే ఫొటో ఇక్కడే పెడతాను, అప్పుడు బాధపడొద్దు.

నానోపోగు: పంపుతున్నాను. రెండు మందాల్లో.

తడిలెక్క: ఎండబెట్టే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తూకం వేసి రాయండి.