పుస్తకాలు ఖాళీ చేసిన గ్రంథాలయ భవనాన్ని నగరం అమ్ముకోవచ్చా?

పాతపేజీ (బ్రూక్లిన్)

శనివారం మా అమ్మాయిని వెంటబెట్టుకుని న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ హైట్స్ గ్రంథాలయానికి వెళ్లాను. లోపల పెద్ద పెద్ద రాతి చెక్కడాలు ఉన్నాయి. "నాన్నా, ఇవి గుడి గోడ మీద ఉండేలాంటివి కదా, గదిలో పెట్టారేమిటి?" అని అడిగింది. నిజమే. ఒకప్పుడు అవి బయటి గోడకే ఉండేవి. 1962లో కట్టిన ఆ గోడ ఇప్పుడు లేదు.

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఆ శాఖా గ్రంథాలయం స్థలాన్ని 5 కోట్ల 20 లక్షల డాలర్లకు ఒక నిర్మాణ సంస్థకు అమ్మడానికి 2015 డిసెంబరులో నగర మండలి ఒప్పుకుంది. పాత భవనం కూల్చి, ముప్పై అయిదు అంతస్తులు దాటిన ఖరీదైన ఇళ్ల గోపురం కట్టారు. దాని అడుగున కొత్త గ్రంథాలయం 2022 జూన్‌లో తెరిచారు. పాతది అంతా కలిపి సుమారు 60 వేల చదరపు అడుగులు, కొత్తది 26 వేల పైచిలుకు.

నాకు ఇది తప్పే అనిపిస్తుంది. మమకారం అంటారేమో, కాదనను. 2009లో ఉద్యోగం పోయినప్పుడు నాలుగు నెలలు ఆ పాత భవనంలోని వ్యాపార గ్రంథాలయంలోనే గడిపాను. అక్కడి గ్రంథపాలకురాలు నా దరఖాస్తులో ఒక వాక్యాన్ని పెన్సిలుతో కొట్టేసి, "ఇది మీ కంపెనీ చేసిన పని. మీరేం చేశారో రాయండి" అన్నారు. అది మార్చిన తరువాతే పిలుపులు మొదలయ్యాయి. దానివల్లేనని ప్రమాణం చేయలేను. ఆ వ్యాపార విభాగాన్ని గ్రాండ్ ఆర్మీ ప్లాజా దగ్గరున్న కేంద్ర గ్రంథాలయానికి తరలించారు.

మీరేమంటారు?

జెర్సీకాపురం (ఎడిసన్)

పాతపేజీ గారూ, పెన్సిలు సంగతి బాగుంది. కానీ మీరు ఏసీ సంగతి దాటవేశారు. ఆ భవనంలో ఏసీ చెడిపోయి, వేసవిలో పనివేళలే తగ్గించుకోవలసి వచ్చింది. బాగుచేయడానికి డబ్బు లేదు. బ్రూక్లిన్ గ్రంథాలయ సంస్థకు దాదాపు 60 శాఖలు. అన్నింటి మరమ్మతులకూ కలిపి 30 కోట్ల డాలర్ల పైమాటే కావాలని సంస్థే అప్పట్లో లెక్క చెప్పింది. నగరం ఇచ్చేది దాని ముందు చిల్లర.

అమ్మితే ఏం జరిగింది? కొత్త గ్రంథాలయం లోపలి ఏర్పాట్లకు పోగా సుమారు 4 కోట్లు మిగతా శాఖలకు కేటాయించారు. సన్‌సెట్ పార్క్ శాఖకు అందులో వాటా దక్కింది. అది 2023లో కొత్త భవనంలో తెరుచుకుంది, పైన తక్కువ అద్దె ఇళ్లున్నాయి. అక్కడ ఎక్కువమంది చైనా నుంచి, లాటిన్ అమెరికా నుంచి వచ్చిన కుటుంబాలవారు. ఉన్నవాళ్ల పేటలో ఒక స్థలం అమ్మి లేనివాళ్ల పేటలో చదువుకునే చోటు బాగుచేస్తే తప్పేమిటి? పైగా క్లింటన్ హిల్‌లో మరో 114 తక్కువ అద్దె ఇళ్లు కట్టాలని కొనుగోలుదారు మీద షరతు పెట్టారు. చెమటలు కక్కుతూ చదివే 60 వేల అడుగుల కన్నా, చల్లగా కూర్చునే 26 వేలు నయం.

కృష్ణలంక (విజయవాడ)

ఇక్కడ ఒక చిన్న మాట అందరూ మింగేస్తున్నారు. "పూర్వపు గ్రంథాలయం" అమ్ముతున్నాం అంటారు. దానిని పూర్వపుది చేసిందెవరు? ఏసీ చెడిపోతే బాగుచేయించకపోవడం, పనివేళలు తగ్గించడం, తరువాత "జనం రావడం లేదు" అనడం, చివరికి "ఖాళీ భవనం, అమ్మేద్దాం" అనడం. ఆవుకు మేత మానేసి పాలివ్వడం లేదని సంతకు తోలినట్టు.

లండన్‌లో బ్రెంట్ కౌన్సిల్ అనే స్థానిక పాలక సంస్థ వారి కెన్సల్ రైజ్ గ్రంథాలయం చూడండి. 1900లో మార్క్ ట్వేన్ వచ్చి ప్రారంభించిన గ్రంథాలయం అది. ఖర్చు తగ్గించుకోవాలని 2011లో మూశారు. ఊరివాళ్లు తలుపు ముందు బల్లలు వేసుకుని, సొంత పుస్తకాలు పెట్టుకుని నడిపారు. 2012 మే నెలలో ఒక రాత్రి, ఊరంతా నిద్రపోయే వేళ, కౌన్సిల్ మనుషులు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చి లోపలి పుస్తకాలన్నీ ఎత్తుకెళ్లారు. పగలు చేయడానికి మొహం చెల్లని పని న్యాయమైన పని అంటే నేను నమ్మను.

జెర్సీకాపురం (ఎడిసన్)

కృష్ణలంక గారూ, కెన్సల్ రైజ్ ఈ చర్చకు సరిపోయే ఉదాహరణ కాదు. అక్కడ అమ్మింది నగరం కాదు. ఆ స్థలం ఆక్స్‌ఫర్డ్‌లోని ఆల్ సోల్స్ కాలేజీ ఇచ్చినది. గ్రంథాలయంగా వాడినంత కాలమే వాడుకోవాలన్నది షరతు. మూసేసరికి స్థలం తిరిగి కాలేజీకి వెళ్లిపోయింది, కాలేజీయే బిల్డరుకు అమ్మింది.

ఆవు సామెత చేదుగా ఉన్నా కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను.

కృష్ణలంక (విజయవాడ)

సరే, అమ్మింది కాలేజీయే. మూసింది కౌన్సిలే కదా? మీకు న్యూయార్క్ ఉదాహరణే కావాలంటే మాన్‌హట్టన్‌లోని డానెల్ గ్రంథాలయం ఉంది. ఆధునిక కళల మ్యూజియానికి ఎదురుగా, 53వ వీధిలో 1955లో తెరిచారు. పిల్లల విభాగంలో విన్నీ ద పూ అనే ఎలుగుబంటి కథలకు మూలమైన అసలు బొమ్మలు అద్దాల పెట్టెలో ఉండేవి. 2007లో 5 కోట్ల 90 లక్షలకు అమ్మకం ప్రకటించారు, 2008లో మూశారు. అంతలో మార్కెట్ కుప్పకూలింది, కొన్నవాడు వెనక్కి తగ్గాడు. చివరికి మరొకరు వచ్చి హోటలు, ఇళ్లు కట్టారు. దాని కింద, చాలావరకు నేల అడుగున, కొత్త శాఖ 2016లో తెరుచుకుంది. 97 వేల అడుగులు కాస్తా 28 వేలయింది. 2008లో అయిదో తరగతి చదివిన పిల్ల 2016కి కాలేజీలో చేరింది. ఆ పిల్లకు ఎవరు ఏం తిరిగి ఇచ్చారు?

జెర్సీకాపురం (ఎడిసన్)

డానెల్ ఘోరం. దాన్ని సమర్థించేంత మొండివాడిని కాను. కానీ బ్రూక్లిన్‌ వాళ్లు అది చూసే జాగ్రత్తపడ్డారు. పాతది మూసేలోగా దగ్గరలోని ఒక చర్చిలో తాత్కాలిక గ్రంథాలయం పెట్టారు. ఇంకొక సంగతి. 2013లో బ్రూక్లిన్‌లో మొట్టమొదటి కార్నెగీ గ్రంథాలయమైన (ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ విరాళంతో కట్టినది) పసిఫిక్ శాఖను కూడా అమ్ముతామన్నారు. జనం గోల చేస్తే ఆ ఆలోచన మానుకున్నారు. అంటే కన్ను మూసుకుని అన్నీ అమ్మేయలేదు. ఏది అమ్మాలి, ఏది ఉంచాలి అన్న విచక్షణ సాధ్యమే.

చలిమంట (పిట్స్‌బర్గ్)

అమ్మడం, తాళం వేయడం, ఈ రెండే దారులున్నట్టు మాట్లాడుతున్నారు. మా ఊళ్లో 1890 నాటి అలెగెనీ కార్నెగీ గ్రంథాలయం మీద 2006లో పిడుగు పడింది. శాఖ 2009లో మరో భవనానికి మారింది. పాతది చాలా ఏళ్లు ఖాళీగా ఉంది, నేనూ అమ్మేస్తారనే అనుకున్నాను. పక్కనే ఉన్న పిల్లల మ్యూజియం దాన్ని లీజుకు తీసుకుని 2019లో పిల్లలు పనిముట్లు పట్టి వస్తువులు తయారుచేసుకునే చోటుగా మార్చింది. పైపూతలు ఒలిచి, పాత ఇటుక, ఇనుము అలాగే కనబడనిచ్చారు. చూడవలసిన భవనం.

ఊరిగంట (ప్రకాశం జిల్లా)

మీరంతా కోట్ల డాలర్లలో మాట్లాడుతుంటే నేను సెంట్లలో మాట్లాడాలి. మాది ఎనిమిది సెంట్ల స్థలం, బజారు మధ్యలో. ఊరి పేరు చెప్పను, చెబితే రేపు నన్నే పిలుస్తారు.

మా శాఖా గ్రంథాలయం పెంకుటిల్లు. వాలుబల్లల మీద దినపత్రికలు ఉండేవి. ఉదయం ఏడున్నరకే వచ్చే పెద్దలు ఒక పేపరును నాలుగు ముక్కలు చేసి పంచుకునేవారు. సినిమా పేజీ ఎప్పుడూ ఒకాయన మోకాలి కింద ఉండేది. సంతకాల పుస్తకంలో మా నాన్న సంతకం కింద నా సంతకం ఉన్న రోజులు ఉన్నాయి. మూడేళ్ల కిందట పైకప్పు కురుస్తోందని బస్టాండు వెనక రెండు అద్దె గదుల్లోకి మార్చారు. మేడ మీద. మెట్లెక్కలేక ఆ పెద్దల్లో సగం మంది మానేశారు. పాత భవనానికి తాళం. ఇప్పుడు అక్కడ దుకాణాల సముదాయం కడతామంటున్నారు. పై అంతస్తులో గ్రంథాలయానికి ఒక హాలు ఇస్తారట.

జెర్సీకాపురం గారి లెక్క మాకు కుదరదు. కారణం డబ్బు లేకపోవడం కాదు. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అదనంగా వసూలు చేస్తారు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని చేరవేయకుండా బకాయి పెట్టడం రెండు రాష్ట్రాల్లోనూ పాత కథే. పాఠకుడు డబ్బు కట్టేశాడు. అది దారిలో ఆగింది. ఆగిన డబ్బు అడగకుండా స్థలం ఎందుకు వదులుకోవాలి?

జెర్సీకాపురం (ఎడిసన్)

ఊరిగంట గారూ, మీ విషయంలో నేను మీ వైపే. నా లెక్కకు ఆధారం అమ్మిన సొమ్ము తిరిగి పుస్తకాలకే చేరుతుందన్న నమ్మకం. అది కాగితం మీద, షరతులతో ఉండాలి. అవన్నీ లేనిచోట అమ్మకం అంటే స్థలం పోవడమే.

ఒక్క ప్రశ్న. ఆ స్థలం అసలు ఎవరి పేరున ఉంది? గ్రంథాలయ సంస్థదా, మునిసిపాలిటీదా, ఎవరైనా దానం చేసినదా?

పాతపేజీ (బ్రూక్లిన్)

నేను అడగబోయిందీ అదే. చర్చ మొదలుపెట్టినప్పుడు నా బాధ గోడ గురించి. ఇప్పుడు అంత పట్టుదల లేదు. సన్‌సెట్ పార్క్ పిల్లలకు గది దక్కిందంటే నా పెన్సిలు జ్ఞాపకం దానికి అడ్డు పడకూడదు. కానీ ఒకటి మాత్రం వదలను. ఆ 4 కోట్లు ఒక్కసారి ఖర్చయ్యే సొమ్ము. మళ్లీ ఏసీలు చెడిపోతాయి. అప్పుడు అమ్మడానికి ఇంకొక బ్రూక్లిన్ హైట్స్ ఉండదు. చలిమంట గారు చెప్పిన లీజు నాకు అందుకే నచ్చింది.

ఊరిగంట గారూ, ఆల్ సోల్స్ కాలేజీ లాంటి షరతు మీ కాగితాల్లోనూ ఉందేమో చూడండి.

ఊరిగంట (ప్రకాశం జిల్లా)

స్థలం ఇచ్చింది మా ఊరి వస్త్రవ్యాపారి ఒకరని చిన్నప్పుడు విన్నాను. పాత హాలులో ఆయన ఫొటో ఉండేది, గ్రంథాలయ వారోత్సవాలకు ఏడాదికొకసారి దండ వేసేవారు. మీ మాటలు చదివి పొద్దున వాళ్ల మనవడి ఇంటికి వెళ్లాను. ఇనప్పెట్టెలోంచి ఒక దానపత్రం నకలు తీశాడు. కాగితం మడతల దగ్గర చిరిగింది, సగం సిరా చెరిగిపోయింది. "పఠనమందిరము నిమిత్తము మాత్రమే" అన్న మాట మటుకు కనిపిస్తోంది. దాని తరువాతి పంక్తి చదవలేకపోయాం.

సోమవారం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి ధ్రువీకరించిన నకలుకు, ఈసీకి (ఆ స్థలం మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రానికి) దరఖాస్తు పెడుతున్నాం. ఆ పంక్తిలో ఏముందో తెలిశాక ఇక్కడే రాస్తాను.