ప్రతి ఉద్యోగానికీ సీవీ మార్చాలా, ఒకటే అందరికీ పంపాలా?

నీలిసిరా:
అకౌంట్స్‌లో పనిచేస్తున్నా. కనిపించిన ప్రతి ప్రకటనకూ ఒకటే సీవీ పంపుతున్నా, ఒక్క పిలుపూ లేదు. ప్రకటనను బట్టి మార్చి పంపమంటోంది నా ఫ్రెండ్. చేసిన పని ఒకటే కదండీ, మనిషికో మాట చెప్పినట్టు ఉండదా?

పాతకాపు:
మార్చాల్సిందే. 1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్చీ కొలువు కోసం మిలాన్‌ను ఏలుతున్న లుడోవికో స్ఫోర్జాకు ఉత్తరం రాశాడు. తేలిగ్గా మోసుకెళ్లే వంతెనలు, ఫిరంగులు, కోటలు కూల్చే పద్ధతులు... వరసంతా ఇదే. బొమ్మలు కూడా వేయగలనన్న మాట ఎక్కడో చివర్లో వస్తుంది! అవతలాయనకు ఏం కావాలో తెలిసి రాశాడు.

మొండిఘటం:
డావిన్చీ రాసింది ఒక్కరికండీ. నలభై చోట్లకు పంపేవాడు ఒక్కోదానికీ గంట కూర్చుంటే తెల్లారినట్టే. పైగా ఈ మార్పుల పేరుతో ప్రకటనలోని మాటలన్నీ ఏరి సీవీలో దిగ్గొడుతున్నారు. కొందరు కంటికి కనబడకుండా తెల్లరంగు అక్షరాల్లో కూడా పెడుతున్నారు. ఇంటర్వ్యూలో అడిగితే నీళ్లు నమలడమే.

జల్లెడ:
నియామకాల పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. ఆ తెల్లరంగు తెలివి పనిచేయదు. కంపెనీకి వచ్చిన సీవీలను చదివి సర్దిపెట్టే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్ రంగులు తీసేసి ఉత్త అక్షరాలే చూపిస్తే గుట్టు బయటపడుతుంది. అలాగని సాఫ్ట్‌వేరే మన సీవీని చెత్తబుట్టలో వేస్తుందన్న టెన్షన్ కూడా అక్కర్లేదు, చాలాచోట్ల పక్కన పెట్టేది మనిషే. లాడర్స్ అనే ఉద్యోగాల సైటు 2018లో చేసిన పరిశీలనలో రిక్రూటర్ల మొదటి చూపు సగటున 7.4 సెకన్లే. అందుకే పైనున్న నాలుగు లైన్లు ముఖ్యం. రెండు కాలమ్‌ల డిజైన్లు, బొమ్మగా అతికించిన అక్షరాలు మాత్రం వద్దు. కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని కలగాపులగం చేస్తాయి.

నీలిసిరా:
నా మొదటి లైను ఇది: "అకౌంట్స్ విభాగంలో వివిధ బాధ్యతలు నిర్వర్తించాను."

పాతకాపు:
దాన్ని చదివితే ఏం తెలిసింది? అసలు ఏం చేసేవారు?

నీలిసిరా:
నెలాఖరున మూడు బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు మా పుస్తకాలతో సరిచూసేదాన్ని. బాకీదారులకు ఫోన్లు చేసేదాన్ని. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేదాన్ని.

పాతకాపు:
బంగారంలాంటి లైన్లు దాచుకుని "వివిధ బాధ్యతలు" అంటారేంటమ్మా! ఆడిట్ పనికి పిలిస్తే "ప్రతి నెలా మూడు బ్యాంకు ఖాతాల రీకన్సిలియేషన్" పైకి తెండి. వసూళ్లు చూసే మనిషి కావాలంటే బాకీల లైను పైకి. రెండూ నిజాలే. చేసినవన్నీ ఒక పెద్ద ఫైల్లో రాసిపెట్టుకుంటే ఏరుకోవడానికి పది నిమిషాలు చాలు, మొండిఘటం గారూ.

నీలిసిరా:
మరి నా హోదా అసిస్టెంట్. పనంతా ఎగ్జిక్యూటివ్‌దే. అలా రాసుకోవచ్చా?

జల్లెడ:
వద్దు. పాత కంపెనీకి వెరిఫికేషన్ వెళ్తే ముందు సరిచూసేవి హోదా, తేదీలే. అసిస్టెంట్ అనే రాసి, కింద చేసిన పని చెప్పండి.

మొండిఘటం:
ఇది ఒప్పుకుంటా. లైన్లు పైకీ కిందకీ జరపడం కూడా సరే అనుకుందాం. కానీ ప్రకటనే "వివిధ బాధ్యతలు నిర్వర్తించాలి" అని రాస్తే ఏ లైను పైకి తేవాలి సార్?

పాతకాపు:
అలాంటి వాళ్లకు మీ ఒకటే సీవీ పంపేయండి.