భూకంపం వచ్చిన దేశానికి విమానం పంపే ముందు ఏమేం తేల్చుకోవాలి?

ప్రశ్న:
వేరే దేశంలో పెద్ద భూకంపం వస్తే మా సంస్థ చార్టర్ విమానంలో టెంట్లు, మందులు, 30 మంది రెస్క్యూ బృందాన్ని పంపేలా ప్రణాళిక రాస్తున్నాం. మొదట ఎవరిని సంప్రదించాలి? సరుకు ఎక్కడ ఇరుక్కుంటుంది?

జవాబు 1:
ముందు ఆ దేశం విదేశీ సాయం అడిగిందా లేదా చూడండి. 1991 నాటి ఐరాస తీర్మానం 46/182 ప్రకారం సాయం ఆ దేశ సమ్మతితోనే వెళ్లాలి. ఏం కావాలో, ఏం వద్దో ఐరాస మానవతా సాయ విభాగం ఓచా నడిపే వర్చువల్ ఓసాక్ అనే వెబ్‌సైట్‌లో పెడతారు.

ఇక రెస్క్యూ బృందం. రెస్క్యూ బృందాలను సామర్థ్యాన్ని బట్టి వర్గీకరించే ఐరాస నెట్‌వర్క్ ఇన్సరాగ్ లెక్కలో మీడియం బృందం ఒక చోట రాత్రింబవళ్లు 7 రోజులు, హెవీ బృందం రెండు చోట్ల 10 రోజులు పనిచేయాలి. తిండి, నీళ్లు, పడక అన్నీ వాళ్లే తెచ్చుకోవాలి. 30 మందితో రాత్రి షిఫ్టు నడవదు. ఇన్సరాగ్ వర్గీకరణ లేకపోతే బృందాన్ని పంపే ఆలోచన మానేయండి, ఆ సీట్ల బరువుకు సరుకు ఎక్కించండి.

జవాబు 2:
ఇరుక్కునేది విమానాశ్రయంలోనే. 2015 నేపాల్ భూకంపమప్పుడు ఖాట్మండులో ఉన్నది ఒక్క రన్‌వే. అది దెబ్బతింటోందని 196 టన్నులు దాటిన విమానాలను దిగనివ్వలేదు. కాబట్టి ల్యాండింగ్ స్లాట్, సరుకు దింపే యంత్రాలు, తిరుగు ప్రయాణానికి ఇంధనం ఉన్నాయని రాతపూర్వకంగా తీసుకున్నాకే బయలుదేరండి.

ఎయిర్‌వే బిల్లు (విమాన సరుకు రవాణా పత్రం) మీద అక్కడ రిజిస్టరైన సంస్థ పేరు, విడిపించుకునే మనిషి ఫోన్ నంబరు ఉండాలి. "భూకంప బాధితులకు" అని రాస్తే కస్టమ్స్ దగ్గర ఆ సరుకుకు దిక్కుండదు. మందులకు బ్యాచ్ నంబర్లు రాయండి, చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగలాలి. మందులూ బట్టలూ ఒకే పెట్టెలో వద్దు, ఒకదానికి అనుమతి రాకపోతే రెండూ ఆగుతాయి. శాటిలైట్ ఫోన్లకు ముందే అనుమతి అడగండి. జనరేటర్ ట్యాంకులో పెట్రోల్ ఉంటే విమానం ఎక్కనివ్వరు (చివరి నిమిషంలో బయటపడేది ఇదే).

జవాబు 3:
టెంట్ల లెక్క కూడా చూసుకోండి. స్ఫియర్ (సహాయ సంస్థలు పాటించే కనీస ప్రమాణాల పుస్తకం) ప్రకారం మనిషికి 3.5 చదరపు మీటర్లు. 16 చదరపు మీటర్ల టెంట్ నలుగురికే సరిపోతుంది, ఐదుగురికి 17.5 కావాలి. నీళ్లు మనిషికి రోజుకు 15 లీటర్లు, అంటే వెయ్యి మంది శిబిరానికి రోజూ 15,000 లీటర్లు.

దిగగానే విమానాశ్రయంలోని రిసెప్షన్ కేంద్రంలో నమోదు చేసుకోండి. ఏ ఊళ్లో ఎన్ని టెంట్లు ఇచ్చారో షెల్టర్ క్లస్టర్‌కు (నివాస సాయం చేసే సంస్థలను సమన్వయం చేసే బృందం) వెంటవెంటనే చెప్పండి. చెప్పకపోతే రోడ్డు పక్క ఊరికి రెండోసారి లారీ వెళ్తుంది, కొండ మీది ఊరికి ఒక్కటీ వెళ్లదు.