మన మిషన్ కాంపౌండులోని పాత బోర్డింగు, ఖాళీ స్థలం: దేనికి వాడాలి?

గుండ్లకమ్మ మాస్టారు
అందరికీ వందనాలు. ఒంగోలు ప్రాంతంలోని మన ఊరి మిషన్ కాంపౌండులో గుడి కాక పాత బోర్డింగు, దాని వెనుక రెండెకరాల ఖాళీ స్థలం ఉన్నాయి. పిల్లలు ప్రభుత్వ హాస్టళ్లకు వెళ్లిపోవడంతో బోర్డింగు మూతపడి చాలా ఏళ్లయింది. వచ్చే నెల సంఘ సర్వసభ్య సమావేశానికి మూడు ప్రతిపాదనలు వస్తున్నాయి. ఒకటి పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు రీడింగ్ రూము, రెండోది ఒంటరి వృద్ధులకు పగటిపూట నీడ, మూడోది రోడ్డువైపు అద్దె దుకాణాలు.

మొదటి రెండింటినీ కలిపి, మతం అడగకుండా ఊరందరికీ తెరవాలని నా మనవి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇచ్చారు. తిండి కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందింది ఆ తరువాతే. సాయానికి షరతు పెట్టకపోవడం మన సంఘం పుట్టుకలోనే ఉంది.

పాలెం పెద్దబ్బాయి
మాస్టారూ, మీ మాటను గౌరవిస్తూనే అడుగుతున్నాను. రీడింగ్ రూము కరెంటు బిల్లు ఎవరు కడతారు? గుడి పైకప్పు కారుతుంటే ఆదివారం నాడు బల్లలు పక్కకు జరుపుకొని కూర్చుంటున్నాం. దుకాణాల అద్దె వస్తే ఆ మరమ్మతు పూర్తవుతుంది. అంతకంటే ముందు ప్రహరీ కట్టాలి. పడమటి వైపు గోడ కూలి మూడేళ్లయింది. గోడ లేని స్థలంలో ఏ పని మొదలుపెట్టినా అది మన పనిగా మిగలదు.

చీమకుర్తి రోడ్డు
మరుగుదొడ్ల గురించి మూడు ప్రతిపాదనల్లో ఒక్క మాటా లేదు. వృద్ధులను పగలంతా ఎలా కూర్చోబెడతారు?

సున్నం పని
నేను పాత కట్టడాల మరమ్మతు పని చేస్తాను. మొన్న వెళ్లి బోర్డింగును చూశాను. దూలాలు టేకువి, ఇంకా గట్టిగా ఉన్నాయి. గోడలు గానుగ సున్నంతో కట్టినవి. ఎప్పుడో ఎవరో మంచి మనసుతోనే వాటిమీద సిమెంటు పూత వేయించారు కాని, సున్నపు గోడకు ఊపిరి ఆడాలి. లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, కిటికీల కింద తెల్లగా ఉప్పు పొంగుతోంది. వేలితో తాకితే పూత దోసిలిలోకి రాలుతోంది. ఏ పనికి వాడినా ముందు ఆ సిమెంటు ఒలిపించి మళ్లీ సున్నం వేయించాలి. కూలగొట్టి కొత్తది కడదామనేవారు ఒక్కసారి ఆ దూలాలను చూసి మాట్లాడాలని వేడుకుంటున్నాను.

లీడ్స్ తెలుగు
నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 13వ శతాబ్దపు డొమినికన్ చర్చిని 2006లో పుస్తకాల దుకాణంగా మార్చారు. ఉక్కు అరలను అంతస్తులుగా పేర్చారు కాని, అవి పాత గోడలను తాకవు. సున్నం పని అన్నగారు చెప్పిన గోడల్లోనూ అలా చేయవచ్చు.

పాలెం పెద్దబ్బాయి
అక్కడ మనుషులు రాక గుళ్లు ఖాళీ అయ్యాయి. మనకు మనుషులున్నారు, డబ్బు లేదు. ఆ పోలిక మనకు కుదరదు. ప్రహరీ సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

బోర్డింగు చదువు
నేను ఆ బోర్డింగులో ఆరేళ్లు ఉన్నాను. తెల్లవారుజామున గంట కొడితే లేచి లాంతరు చుట్టూ కూర్చుని చదివేవాళ్లం. రీడింగ్ రూముకు నా పూర్తి మద్దతు ఉంది, కాని మొదటి కుర్చీలు మన పిల్లలకే ఉండాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల, క్రైస్తవులమైన మనకు ఎస్సీ రిజర్వేషన్ లేదు. ఉన్నది బీసీ-సి కింద, అంటే క్రైస్తవులుగా మారిన ఎస్సీలకు వెనుకబడిన తరగతుల్లో ఇచ్చిన విభాగం కింద, ఒక్క శాతం. ఆ ఒక్క శాతంలో పోటీపడే పిల్లకు బయట కోచింగు కొనే స్తోమత లేనప్పుడు, తాతలు ప్రార్థించిన స్థలంలో కూడా వరుసలో నిలబడమనడం న్యాయం కాదు.

గుండ్లకమ్మ మాస్టారు
మన పిల్లల కష్టం నాకు తెలుసు. అయినా గుమ్మం దగ్గర మతం అడిగితే, మనల్ని అడిగినవారికీ మనకూ తేడా ఏముంటుంది? ప్రహరీ గురించి పదేపదే ఎందుకు అడుగుతున్నారో కూడా నాకు అర్థం కావడం లేదు. ఊరివాళ్లు వచ్చి కూర్చుంటే స్థలం అరిగిపోదు.

పాలెం పెద్దబ్బాయి
అర్థం కాలేదంటున్నారు గనుక చెబుతున్నాను. మీరు ఉద్యోగం కోసం ముప్పై ఏళ్లు హైదరాబాదులో ఉన్నారు. మా నాన్న ఇక్కడే ఉన్నాడు. ఊరి రచ్చబండ మీద ఆయన ఏనాడూ కూర్చోలేదు, కూర్చోనివ్వలేదు. ఊళ్లోకి వెళ్లేటప్పుడు చెప్పులు చేతపట్టుకుని నడిచిన మనిషి, ఈ కాంపౌండు గేటు దాటగానే వాటిని కింద పెట్టి తొడుక్కునేవాడు. చింతచెట్టు కింద కాలుమీద కాలు వేసుకుని కూర్చునేవాడు. పాలేనికి ఊళ్లో ఉన్న ఒకే ఒక్క సొంత చోటు ఇది. ఏనాడూ మాకు తలుపు తీయని ఊరికి మేమే ముందు తలుపు తీయాలనడం మీకు సులువు. అందుకే గోడ అడుగుతున్నాను.

కడగొట్టు కూతురు
ఇక్కడ నేనెప్పుడూ రాయలేదు, ఈరోజు రాయక తప్పడం లేదు. పెద్దబ్బాయి అన్నా, మీ నాన్నగారి చెప్పుల మాట చదివి ఏడ్చాను. కాని గోడ లోపల కూడా తలుపులు మూసుకున్నాయి. మా అమ్మ చనిపోయినప్పుడు ఆదరణ కూడికకు బోర్డింగు హాలు అడిగాం. వర్షం పడుతోంది, మా ఇంట్లో పదిమందికి కూడా చోటు లేదు. సంఘ చందా రెండేళ్లు బాకీ ఉందని తాళంచెవి ఇవ్వలేదు. అమ్మ నలభై ఏళ్లు ఆ గుడి ఊడ్చింది. కూడికను పక్కింటి హిందువుల వసారాలో జరుపుకున్నాం, వాళ్లే టీ కాచి ఇచ్చారు. ఎవరిని రానివ్వాలని మీరంతా వాదిస్తున్నారు. తాళం ఎవరి దగ్గర ఉంటుందో, అడిగినవారికి ఏ నియమం ప్రకారం ఇస్తారో ఒక్కరూ అనలేదు.

బోర్డింగు చదువు
అమ్మా, ఈ సంగతి నాకు తెలియదు. చాలా బాధగా ఉంది.

పాలెం పెద్దబ్బాయి
చెల్లీ, ఆ రోజు కమిటీలో నేనూ ఉన్నాను. ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాల్సి వస్తుందని ఎవరో అన్నారు, నేను నోరు మెదపలేదు. అది నా తప్పు. గోడ విషయంలో నా మాట మారదు, కాని గేటుకు తాళం ఉండకూడదంటే ఒప్పుకుంటాను.

గుండ్లకమ్మ మాస్టారు
నేను దూరంగా ఉండి మాట్లాడిన మాట నిజమే. సమావేశంలో మూడు ప్రతిపాదనల కంటే ముందు తాళంచెవి గురించి రాతపూర్వకమైన నియమం చర్చకు రావాలని సెక్రటరీగారికి ఉత్తరం రాస్తాను. చావు, కాన్పు, వరద, ఈ మూడింటికి చందా అడగకూడదని అందులో మొదటి వాక్యంగా పెట్టమంటాను.

పాలెం పెద్దబ్బాయి
దాని కింద నేనూ సంతకం పెడతాను. రెండో వాక్యం ప్రహరీ గురించి ఉండాలి.

సున్నం పని
ఈ ఆదివారం ఆరాధన అయ్యాక బోర్డింగు తలుపు తీయించండి. గోడలు ఎలా ఉన్నాయో అందరికీ దగ్గరుండి చూపిస్తాను.