అప్‌డేట్: నక్క నిజంగా "పుల్లన" అందా?

ఈసపు నక్క ద్రాక్షను "పుల్లన" అందా, ఇంకేమైనా అందా అని ఇదివరకు ఒక పోస్టులో అడిగాను, గ్రీకు పాఠం చూస్తే తేలిపోయింది. ఈసపు కథలకు వరుస సంఖ్యలిచ్చిన పండితుడు పెర్రీ పట్టికలో ఇది 15వ కథ. అందులో నక్క అన్న మాట "ఒంఫకెస్", అంటే పచ్చికాయలు. "ఇంకా పండలేదు, పుల్లటిది నాకొద్దు" అని నక్క చేత అనిపించినవాడు, ఈ కథలను లాటిన్‌లో పద్యాలుగా రాసిన ఫేడ్రస్. మన సామెతకు ఆ పులుపే అంటుకుంది.

తేడా కొట్టేది నీతి దగ్గర. చేతకానివాళ్లు కాలాన్ని తప్పుబడతారని గ్రీకు ముగింపు. "పండలేదు" అంటే ఇంకా సమయం రాలేదని, కాబట్టి అలా అంటేనే ఆ నీతి అతుకుతుంది. "పుల్లన" అంటే వస్తువుకు వంక పెట్టడమే.

ఇంకోటి: గ్రీకు కథలో ఆ ద్రాక్ష తీగ పందిరి మీదది కాదు, చెట్టుకు పాకించినది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లు పందిరి తీసేసి చెట్టు వేయండి.